నీటి కోసం ఎంత దూరం వెతకాలి?
వైద్య పరిశోధనల వ్యయంపై ఒక పరిశీలన

అనకాపల్లి జిల్లా నాతవరం మండలంలో తాండవ జలాశయం ఉంది. ఆ కాలువ గట్టున వెళుతుండగా నమాజు వేళ అయిన బాటసారికి వుజూ విషయంలో ఏ సందేహమూ కలగదు. నీరు కళ్లెదుటనే ఉంది. అతడు నీటి కోసం వెతకనవసరం లేదు. తయమ్ముమ్ చేసుకోవడానికి అనుమతీ లేదు. మరొక వ్యక్తి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అతడు ఎడారిలో ఉన్నాడు. చెట్టు లేదు, పక్షి లేదు, నీటి జాడ తెలిపే గుర్తు ఏదీ లేదు. అతడు కూడా వెతకనవసరం లేదు. పరిశుద్ధమైన మట్టితో తయమ్ముమ్ చేసుకుని నమాజు నెరవేరుస్తాడు.

అసలు సమస్య మూడవ వ్యక్తిది. నీరు అతనికి కనిపించడం లేదు. అయితే దగ్గరలో ఎక్కడో ఉందని గట్టిగా అనిపించే ఆనవాళ్లు ఉన్నాయి. కాబట్టి అతడు వెతకాలి. కాని ఎంత దూరం? ఎంతసేపు? ఎంత ఖర్చు పెట్టి?

ఈ మస్అలాకూ వైద్యానికీ సంబంధమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. నేడు ప్రభుత్వాలు, వైద్య సంస్థలు, ధర్మనిధుల నిర్వాహకులు ఎదుర్కొంటున్న ఒక క్లిష్ట సమస్య సరిగ్గా ఇదే రూపంలో ఉంది. ఒక వ్యాధి గురించి ఇప్పటికి తెలిసినదానితో పని మొదలుపెట్టాలా, లేక ఇంకా పరిశోధించాలా? పరిశోధిస్తే దాని వల్ల కలిగే మేలు దానికయ్యే వ్యయానికి తగినదేనా? ఈ ప్రశ్నకు గత అరవై ఏళ్లలో ఒక శాస్త్రీయమైన లెక్క రూపొందింది. ఆ లెక్కను అర్థం చేసుకోవడానికి ఫిఖహ్ చదివిన వారికి తయమ్ముమ్ అధ్యాయం కంటె దగ్గర దారి లేదు.

ఫుఖహాలు నిర్దేశించిన హద్దులు

హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో, ముఖ్యంగా ఇమామ్ మర్గీనానీ (మరణం క్రీ.శ. 1197) రచించిన 'అల్ హిదాయా'లోను, దాని వ్యాఖ్యానాలలోను ఈ విషయం వివరంగా చర్చించబడింది. దాని సారాంశం ఇది.

ఒకటి: దగ్గరలో నీరు ఉందన్న గాలిబె జన్ను, అనగా బలమైన అభిప్రాయం ఉన్నప్పుడే వెతకడం తప్పనిసరి. అలాంటి అభిప్రాయానికి ఆధారమే లేనప్పుడు తప్పనిసరి కాదు.

రెండు: ఆ వెతుకులాటకు హద్దు ఉంది. ఒక బాణం వేటు దూరం, అంటే సుమారు మూడు నాలుగు వందల మూరలు. తోటి ప్రయాణికులకు దూరమై ప్రమాదంలో పడేటట్లు వెతకనక్కరలేదు.

మూడు: సహచరుని వద్ద నీరుంటే తయమ్ముమ్‌కు ముందు అతణ్ణి అడగాలి.

నాలుగు: నీరు మామూలు ధరకు దొరుకుతూ, కొనే స్తోమత ఉంటే కొనాలి. విపరీతమైన ధర చెబితే కొననవసరం లేదు.

ఐదు: నీరు దొరుకుతుందన్న ఆశ ఉన్నవాడు నమాజును చివరి వేళ దాకా ఆపుకోవడం మంచిది. కాని వేళ దాటిపోనివ్వకూడదు. నమాజు పూర్తయ్యాక నీరు దొరికితే ఆ నమాజును తిరిగి చేయనవసరం లేదు. మధ్యలోనే దొరికితే మాత్రం తయమ్ముమ్ చెల్లదు, వుజూ చేసుకోవలసిందే.

ఇతర మజ్‌హబ్‌లలో వివరాలు కొంత వేరుగా ఉన్నాయి. షాఫియీ ఫుఖహాలు వెతకడం విషయంలో మరింత కట్టుదిట్టమైన నియమాలు చెప్పారు. అయినా అందరి దృష్టిలోనూ ఒక మూలసూత్రం ఉంది. వెతుకులాట నమాజు కోసం. నమాజు వెతుకులాట కోసం కాదు. చేయవలసిన పనికి తోడ్పడినంత మేరకే వెతకడానికి విలువ ఉంటుంది.

పరిశోధన విలువను లెక్కించే పద్ధతి

ఆధునిక కాలంలో ఈ సూత్రాన్ని గణిత రూపంలో ప్రతిపాదించినవారు హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన హోవర్డ్ రైఫా, రాబర్ట్ ష్లైఫర్. వారి గ్రంథం 1961లో వెలువడింది. వారు ప్రధానంగా వ్యాపార నిర్ణయాలను దృష్టిలో ఉంచుకుని రాశారు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లాక్స్టన్ 1990లలో ఈ పద్ధతిని వైద్యరంగంలో ప్రయోగించి ప్రచారంలోకి తెచ్చారు. మన దేశంలో వైద్య సాధనాలను, చికిత్సలను వాటి వ్యయంతో సరిపోల్చి పరిశీలించడానికి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో ప్రత్యేక వ్యవస్థ ఏర్పడింది.

లెక్క చూడడానికి కష్టంగా ఉన్నా దాని లోపలి ఆలోచన సులభమైనదే. ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాంతంలో ఒక వ్యాధి ఉంది. దానికి కారణం తాగే నీరు అయి ఉండవచ్చు, లేదా ఎండలో విరామం లేని పని అయి ఉండవచ్చు. ఉన్న డబ్బు ఒక్క చర్యకే సరిపోతుంది: మంచినీరు ఇవ్వడమో, పని పరిస్థితులు మార్చడమో. సరైన చర్యను ఎన్నుకుంటే ఏటా 100 మంది వ్యాధి నుంచి తప్పించుకుంటారు. తప్పు చర్యను ఎన్నుకుంటే ఎవరికీ మేలు జరగదు. నీరే కారణమని అనుకోవడానికి నూటికి 60 పాళ్లు, ఎండే కారణమని అనుకోవడానికి 40 పాళ్లు అవకాశం ఉన్నదని నిపుణుల అభిప్రాయం.

పరిశోధన లేకుండా నిర్ణయించాలంటే నీటినే ఎన్నుకోవాలి. అప్పుడు ఆశించదగిన మేలు ఏటికి సగటున 60 మంది. అసలు కారణం సందేహం లేకుండా తెలిసిపోతే మేలు 100 మందికి. రెంటికీ గల తేడా 40. సంపూర్ణమైన జ్ఞానానికి ఈ సందర్భంలో ఉన్న విలువ ఏటికి 40 మంది ఆరోగ్యం. ఏ పరిశోధన అయినా దీనికి మించి మేలు చేయలేదు. లోపాలు గల సామాన్య పరిశోధన దీనికంటె తక్కువే ఇస్తుంది. పరిశోధనకయ్యే డబ్బును మరో చోట, ఉదాహరణకు పసిపిల్లల టీకాలకో, ప్రసవ సమయపు రక్తస్రావ నివారణకో ఖర్చు చేసి ఇంతకంటె ఎక్కువమందిని కాపాడగలిగితే ఈ పరిశోధన దాని వెలకు తగినది కాదు. అంతకంటె తక్కువమందినే కాపాడగలిగితే తగినదే.

ఈ చిన్న లెక్క నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, నిపుణుల అభిప్రాయం 60-40 బదులు 95-5గా ఉంటే పరిశోధన విలువ 40 నుంచి 5కు పడిపోతుంది. తాండవ కాలువ గట్టున నిలబడి నీటి కోసం వెతకడం లాంటిది అది. రెండవది, రెండు చర్యలూ చేపట్టడానికి డబ్బు ఉండి, రెంటి వల్లా హాని లేకపోతే, ఏది చేయాలన్న ప్రశ్నే ఉండదు. కారణం తెలిసినా తెలియకపోయినా చేసే పని మారదు. జవాబు ఏదైనా నిర్ణయం మారనప్పుడు ఆ ప్రశ్నను పరిశోధించడం నిర్ణయం దృష్ట్యా వ్యర్థం. మూడవది, కాలం. పరిశోధనకు మూడేళ్లు పడుతుందనీ, అది ముగిసేదాకా ఏమీ చేయకుండా కూర్చుంటామనీ అనుకోండి. ఏటికి 60 చొప్పున మూడేళ్లలో 180 మందికి కలగవలసిన మేలు పోతుంది. తరువాత ఏటికి 40 చొప్పున ఆ నష్టం పూడడానికి నాలుగున్నర ఏళ్లు పడుతుంది. అదే, నీటి పని సాగిస్తూనే పక్కన పరిశోధన జరిపితే ఈ నష్టం ఉండదు. పరిశోధనకు అయ్యే ఖర్చులో డబ్బు ఒక భాగం మాత్రమే. నిరీక్షణ రెండవ భాగం. ఈ రెండవ ఖర్చును చెల్లించేది పరిశోధకుడు కాదు, రోగి.

సహచరుణ్ణి ముందు అడగాలి

నీటి కోసం బయలుదేరే ముందు తోటివాని తిత్తిలో నీరుందేమో అడగమన్నారు ఫుఖహాలు. వైద్యరంగంలో ఈ నియమాన్ని మరచినందువల్ల ఏమి జరిగిందో ఒక ఉదాహరణ చెబుతుంది.

గుండెపోటు వచ్చినప్పుడు రక్తనాళంలో ఏర్పడిన గడ్డను కరిగించే స్ట్రెప్టోకినేజ్ అనే మందుపై 1959 నుంచి 1988 వరకు 33 పరీక్షలు జరిగాయి. వాటిలో 36,974 మంది రోగులు పాల్గొన్నారు. 1992లో కొందరు పరిశోధకులు ఈ ఫలితాలన్నిటినీ జరిగిన వరుసలో ఒకదానితో ఒకటి కూడుతూ వచ్చారు. 1973 నాటికే, అంటే ఎనిమిది పరీక్షలు, 2,432 మంది రోగులు పూర్తయ్యేసరికే, ఈ మందు మరణాలను తగ్గిస్తుందని కూడికలో తేలిపోయింది. ఆ తరువాత మరో 25 పరీక్షలు జరిగాయి. వాటిలో పాల్గొన్న 34,542 మందిలో సుమారు సగం మందికి ఆ మందు అందలేదు.

ఆ 25 పరీక్షలూ పూర్తిగా నిష్ప్రయోజనమనడం న్యాయం కాదు. 1986లో ఇటలీలోను, 1988లో అనేక దేశాలలో కలిపి జరిగిన రెండు పెద్ద పరీక్షల తరువాతనే వైద్యులు ఈ మందును విస్తృతంగా వాడసాగారు. 1988 నాటి పరీక్షలో సామాన్యమైన ఆస్పిరిన్ మాత్ర కూడా గుండెపోటు రోగుల ప్రాణాలు కాపాడుతుందన్న కొత్త విషయం తెలిసింది. అయినా 1973 నుంచి 1986 వరకు గడచిన కాలం గడచిపోయింది. కావలసిన సమాచారం చాలావరకు ఉన్నది. దాన్ని ఒక చోట చేర్చి అడిగినవారు లేరు. 2009లో ఇయాన్ చామర్స్, పాల్ గ్లాస్జియో అనే ఇద్దరు వైద్య పండితులు, వైద్య పరిశోధనపై ప్రపంచం ఖర్చు చేస్తున్న ధనంలో దాదాపు 85 శాతం ఇటువంటి కారణాల వల్ల వృథా అవుతున్నదని అంచనా వేశారు. అప్రధానమైన ప్రశ్నలు ఎన్నుకోవడం, పాత ఫలితాలను చూడకపోవడం, లోపభూయిష్టమైన పద్ధతులు, ఫలితాలను ప్రకటించకుండా దాచడం వారు చూపిన కారణాలు.

వెలకు వెయ్యింతలు ఇచ్చిన పరిశోధన

దీనివల్ల పరిశోధన అంటేనే దుబారా అన్న అభిప్రాయం కలగకూడదు. అందుకు మన పక్కనే జరిగిన ఉదాహరణ ఉంది.

1950లలో క్షయ రోగికి శానిటోరియమే గతి అని అందరూ నమ్మేవారు. చిత్తూరు జిల్లాలో ఉండిన మదనపల్లె సమీపాన 1915లో వెలసిన ఆరోగ్యవరం శానిటోరియం దక్షిణ భారతంలో పేరుపొందిన అటువంటి సంస్థ. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, నెలల తరబడి నివాసం ఆ చికిత్సలోని ప్రధానాంశాలు. కాని దేశంలో రోగులు లక్షల్లో ఉన్నారు, పడకలు వేలల్లోనే ఉన్నాయి. కొత్తగా మందులు వచ్చాయి. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండి తినే పేద రోగికి ఇంటి వద్దనే ఆ మందులిస్తే నయమవుతుందా? ఇంట్లోవారికి వ్యాధి ఎక్కువగా అంటుతుందా? ఇది ప్రభుత్వం ముందున్న అసలైన నిర్ణయం. శానిటోరియాలు కట్టడమా, ఇంటింటికీ మందు పంపడమా?

1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలసి ఒక కేంద్రాన్ని నెలకొల్పాయి. 193 మంది రోగులను చీటీ పద్ధతిలో రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ఇంటి వద్ద, మరొక జట్టుకు శానిటోరియంలో ఏడాదిపాటు అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. మెరుగైన ఆహారం, విశ్రాంతి ఉన్న శానిటోరియం జట్టుతో ఇంటి జట్టు దాదాపు సమానంగా కోలుకుంది. కుటుంబ సభ్యులకు అదనపు ప్రమాదమేమీ కనబడలేదు. ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరు దీనితో మారింది. 1962లో ప్రారంభమైన మన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఇంటి చికిత్స పునాదిపైనే నిలబడింది.

193 మందితో చేసిన పరిశోధన కోట్లాది రోగుల జీవితాలను తాకడానికి కారణం దాని పరిమాణం కాదు. ఒక పెద్ద నిర్ణయం సరిగ్గా ఆ జవాబు కోసమే ఎదురుచూస్తున్నది. జవాబు ఎటువైపు వచ్చినా చేసే పని మారేది. అందుబాటులో ఉన్న ఏ పాత గ్రంథంలోనూ ఆ జవాబు లేదు. మూడు షరతులూ కుదిరిన చోట పరిశోధన సదకాయె జారియా (నిరంతర దానం) వంటిది అవుతుంది.

ఉద్దానం: మధ్యలో ఉన్న ప్రశ్న

స్ట్రెప్టోకినేజ్ ఉదంతంలో వెతకనవసరం లేని చోట వెతికారు. మద్రాసులో వెతకవలసిన చోట వెతికారు. ఈ రెంటికీ మధ్యన, నేటికీ తేలని ప్రశ్న ఉత్తరాంధ్రలోనే ఉంది. నాతవరం నుంచి రోగి నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి, జబ్బు పెద్దదైతే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి వెళతాడు. శ్రీకాకుళం జిల్లా చివరన ఉన్న ఉద్దానం కిడ్నీ రోగులు కూడా ఏళ్ల తరబడి ఆ ఆసుపత్రికే వచ్చారు. ఒకే ప్రజాధనం ఇద్దరికీ సరిపోవాలి. కాబట్టి ఉద్దానంపై ఎంత పరిశోధన అవసరమన్నది నాతవరం వాసికి కూడా సంబంధించిన విషయమే.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలతో కూడిన ఈ ప్రాంతం కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉంటుంది. ఇక్కడ మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేనివారికి కూడా మూత్రపిండాలు నెమ్మదిగా చెడిపోతాయి. రోగులలో ఎక్కువమంది పొలాల్లో, తోటల్లో పనిచేసే శ్రామికులు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరీక్షించిన 2,210 మందిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్లు, వారిలో అధిక భాగానికి కారణం తెలియనట్లు వెల్లడైంది. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగు మందులు, ఎండలో పనివల్ల శరీరం నీరు కోల్పోవడం, నొప్పి మాత్రల అతి వాడకం, వంశపారంపర్యం - ఇవన్నీ అనుమానాలుగా పరిశీలించబడ్డాయి. రెండు దశాబ్దాలుగా దేశ విదేశాల నిపుణులు వచ్చి చూశారు. అందరూ అంగీకరించే ఏకైక కారణం మాత్రం రుజువు కాలేదు.

ఈలోగా కొన్ని నిర్ణయాలు జరిగాయి. డయాలసిస్ కేంద్రాలు స్థానికంగా వెలిశాయి. డయాలసిస్ రోగులకు నెలకు రూ. 10,000 పింఛను 2019లో నిర్ణయించబడింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని నిలిపే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు మంచినీరు అందించే సుమారు రూ. 700 కోట్ల పథకం కూడా అదే రోజు ప్రారంభమైంది.

ఇప్పుడు ముందు చెప్పిన కొలతతో చూడాలి. నేల నుంచి తోడిన నీటికి బదులు శుద్ధి చేసిన నదీ జలం ఇవ్వాలా వద్దా అన్నది ఇక నిర్ణయం కోసం ఎదురుచూసే ప్రశ్న కాదు. గొట్టాలు వేయబడ్డాయి. పైగా మంచినీరు కిడ్నీ వ్యాధికి మందు కాకపోయినా విరేచనాల వంటి జబ్బుల దృష్ట్యా మంచిదే. అలాగే, ఉద్దానంలో వ్యాధి ఎక్కువగా ఉందా లేదా అని గ్రామాలలో మరొకసారి లెక్కించడం వల్ల కొత్తగా మారే పని ఏదీ కనిపించదు.

కాని కొన్ని ప్రశ్నలకు జవాబు ఏదైతే పని అలా మారుతుంది. నదీ జలం వచ్చిన గ్రామాలలో కొత్త రోగుల సంఖ్య తగ్గుతున్నదా? నీరు ముందుగా అందిన గ్రామాలను, ఆలస్యంగా అందిన గ్రామాలను క్రమం తప్పకుండా రక్త పరీక్షలతో పోల్చి చూస్తే ఇది కొన్నేళ్లలో తెలుస్తుంది. తగ్గితే ఇటువంటి వ్యాధి గల ఇతర ప్రాంతాలకు ఆ దారి చూపవచ్చు. తగ్గకపోతే వందల కోట్లు అదే దారిలో మళ్లీ పెట్టకుండా ఆగవచ్చు. ఎండలో పనిచేసేవారికి తాగునీరు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేస్తే మూత్రపిండాలు నిలుస్తాయా? మధ్య అమెరికాలోని నికరాగువాలో ఒక చక్కెర మిల్లు చెరకు కోత కూలీలకు ఈ మూడూ పెంచాక, కోత కాలంలో మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గినట్లు పరిశీలకులు గమనించారు. ఈ విధమైన పరీక్ష ఉద్దానం తోటల్లో జరపడానికి అయ్యే ఖర్చు ఆసుపత్రి కట్టడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే స్వల్పం. కారణం పూర్తిగా తెలిశాకే నివారణ అన్న పట్టు విడిచి, నివారణ చర్యనే పరీక్షగా మలచుకోవడం ఇందులోని కీలకం.

వేళ దాటిపోకూడదు, తొందరా పనికిరాదు

తెలియనితనం రెండు వైపులా మోసం చేస్తుంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో కూడా 1990ల నుంచి ఇటువంటి వ్యాధి కనబడుతున్నది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు దీనికి కారణమన్న ఊహ ఆధారంగా ఆ దేశం 2015లో దాన్ని నిషేధించింది. ఊహ రుజువు కాలేదు. రైతులకు, తేయాకు తోటలకు ఇబ్బంది ఏర్పడింది. 2018లో తేయాకు, రబ్బరు తోటల కోసం నిషేధాన్ని సడలించవలసి వచ్చింది. చర్య వల్ల కలిగే నష్టం పెద్దదైనప్పుడు, ఆధారం బలహీనమైనప్పుడు, మరికొంత వెతకడమే వివేకం.

ఇందుకు భిన్నమైన సందర్భంలో హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) అనుసరించిన పద్ధతి గమనార్హం. హిజ్రీ 18 ప్రాంతంలో ఆయన సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన ముహాజిర్లను పిలిచి సంప్రదించారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. అన్సార్లను పిలిచారు, వారిలోనూ భేదమే. తరువాత ఖురైష్ పెద్దలను పిలిచారు, వారందరూ వెనుదిరగమన్నారు. ఆయన తిరుగు ప్రయాణం ప్రకటించారు. ఆ తరువాతనే, ఏదో పనిమీద దూరంగా ఉన్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రాంతంలోకి వెళ్లవద్దనీ, అది ఉన్న ప్రాంతం నుంచి పారిపోవద్దనీ మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లు తెలియజేశారు. హజ్రత్ ఉమర్ అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

అందుబాటులో ఉన్న ప్రతి ఒక్కరినీ ఆయన అడిగారు. కాని అక్కడ లేని వారందరూ వచ్చేదాకా వేలమందిని ప్రమాదం అంచున నిలబెట్టలేదు. వచ్చిన కొత్త జ్ఞానాన్ని సంతోషంగా స్వీకరించారు. సంప్రదింపుకూ నిర్ణయానికీ మధ్య ఇంతటి సమతూకమే ఆరోగ్య రంగంలో పాలకులకు కావలసింది.

విద్యకు వెల కట్టవచ్చునా?

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉదయించవచ్చు. విద్యార్జన ముస్లిములకు విధి కదా! దానికి లాభనష్టాల లెక్క వేయడం సబబేనా? హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒక్క హదీసు కోసం నెల రోజుల ప్రయాణం చేయలేదా?

చేశారు. ఆ హదీసు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) వద్ద ఉందని తెలిసి, దాన్ని ఆయన నోటి నుంచే వినడానికి సిరియా వెళ్లారు. కాని ఆ మహనీయుడు తాను స్వయంగా విన్నదాన్నే మరొకసారి వినడానికి ఒంటెను కొనలేదు. ఎక్కడ జ్ఞానం ఉందో తెలుసుకుని, దాని విలువకు తగిన శ్రమ చేశారు. అంతేగాక ప్రయోజనం లేని విద్య నుంచి మహాప్రవక్త (స) అల్లాహ్ శరణు కోరేవారన్నది సుప్రసిద్ధం. ప్రయోజనం గల విద్యను, లేని విద్యను వేరు చేయడం లోభత్వం కాదు. ప్రకృతి నియమాలను తెలుసుకోవాలనే మౌలిక శాస్త్రాల విషయం వేరు. వాటి ఫలం ఎప్పుడు, ఎక్కడ లభిస్తుందో ముందుగా లెక్కకట్టడం సాధ్యం కాదు. ఈ వ్యాసంలో చెప్పిన కొలత, రోగులకు ఏమి చేయాలో నిర్ణయించడానికి జరిపే పరిశోధనలకు వర్తిస్తుంది.

మరొక అభ్యంతరం ఇంతకంటె బరువైనది. ఒక మనిషి ప్రాణాన్ని అంకెగా మార్చవచ్చునా? నిజానికి లెక్క వేయనంత మాత్రాన ఎంపిక ఆగిపోదు. ఒక చోట పెట్టిన రూపాయి మరొక చోట ఉండదు. లెక్క లేనప్పుడు గొంతు పెద్దదైన వాని రోగమే ముందుకు వస్తుంది. దూరపు మన్యం పల్లెలోని రోగి వెనకబడిపోతాడు. ప్రజల వ్యవహారాలలో పాలకుని చర్య ప్రజాహితంతో ముడిపడి ఉండాలన్నది ఫిఖహ్ సూత్రాలలో ఒకటి. ఆ హితాన్ని తూచడానికి లెక్క ఒక త్రాసు. తూచిన తరువాత న్యాయంగా పంచవలసింది మనుషులే. ఏ వ్యాధి అరుదైనదో, ఏ వర్గం పేదదో త్రాసు దానంతట అది చూడలేదు.

పరీక్షలో పాల్గొన్న ప్రజల హక్కు కూడా లెక్కలో ఉండాలి. గ్రామస్థుడు రక్తం ఇచ్చినప్పుడు ఒక అమానత్ అప్పగిస్తున్నాడు. అతని పరీక్ష ఫలితం అతనికి చెప్పాలి. జబ్బు బయటపడితే చికిత్సకు దారి చూపాలి. ఫలితం అనుకున్నట్లు రాకపోయినా ప్రకటించాలి. ఇవి లేని పరిశోధన ఎంత చౌకగా పూర్తయినా ఖరీదైనదే.

దాతల, ధర్మకర్తల బాధ్యత

ముస్లిం సంస్థల వద్దకు కూడా వైద్య పరిశోధనకు సహాయం కోరుతూ విజ్ఞప్తులు వస్తుంటాయి. దివ్య ఖుర్ఆన్‌లో అత్ తౌబా సూరా 60వ ఆయత్ జకాత్‌కు ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. కాబట్టి జకాత్ ధనం విషయంలో ముఫ్తీలను సంప్రదించకుండా అడుగు వేయరాదు. ఐచ్ఛిక దానాలకు, వక్ఫ్ షరతులు అనుమతించిన ఆదాయానికి వెసులుబాటు ఎక్కువ. ఏ ధనమైనా అది అమానతే. అటువంటి విజ్ఞప్తి వచ్చినప్పుడు బాధ్యులు కొన్ని ప్రశ్నలు అడిగితే చాలావరకు విషయం తేటపడుతుంది. ఈ జవాబు కోసం ఏ నిర్ణయం ఆగి ఉంది? జవాబు అవునైతే ఏమి చేస్తారు, కాదైతే ఏమి చేస్తారు? ఇంతకు ముందు ఎవరు వెతికారు, వారికి ఏమి దొరికింది? ఫలితం వచ్చేదాకా రోగులకు ఏమి అందుతుంది? ఇదే డబ్బుతో ఈ ఏడాదే ఎందరికి మేలు చేయవచ్చు?

వీటికి సూటిగా జవాబు చెప్పగల పరిశోధకునికి చేయూతనివ్వడం పుణ్యకార్యం. చెప్పలేని వాని నుంచి ఆ ధనాన్ని కాపాడి డయాలసిస్ రోగి దారి ఖర్చుకో, మందులకో మళ్లించడం కూడా పుణ్యకార్యమే. వ్యాధినీ, దానికి ఔషధాన్నీ సృష్టించిన అల్లాహ్, వెతకవలసిన చోట వెతికే ఓర్పును, ఆగవలసిన చోట ఆగే వివేకాన్ని అందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.